ప్రీపెయిడ్ ప్లాన్లు, ఏళ్ల వాడకం తర్వాత: అమ్ముతున్నది నెట్ కాదు, రోజులు

మా ఇంట్లో రెండు సిమ్‌ల రీఛార్జ్ బాధ్యత నాదే. శ్రీకాకుళంలో నేను వాడేది రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే 28 రోజుల ప్లాన్. రెండోది సోంపేట దగ్గర ఊళ్లో ఉంటున్న అమ్మది, బటన్ ఫోన్. ఇద్దరం ప్రీపెయిడ్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాం కాబట్టి కంపెనీల లెక్క ఎలా మారుతూ వచ్చిందో దగ్గరగా చూశాను.

ఒకప్పుడు నిమిషానికి డబ్బు పోయేది. ఇచ్ఛాపురం వైపు వెళ్తే ఫోన్ ఒడిశా టవర్ పట్టుకుని రోమింగ్ పడేది. కాలర్ ట్యూన్‌కు నెలనెలా కోత ఉండేది. అడగని సర్వీసులకు బ్యాలెన్స్ తెగ్గొడుతున్నారని గోల ఎక్కువైతే, కస్టమర్ రెండుసార్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలని 2013లో టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక కాల్స్‌ మీద ఆదాయమే ఎండిపోయింది. రోమింగూ పోయింది. మరి కంపెనీలు దేన్ని అమ్ముకోవాలి? వ్యాలిడిటీని.

28 రోజుల ప్లాన్ వేస్తే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులు. 299 రూపాయల ప్లాన్ అయితే ఏడాదికి 3,887 అవుతుంది. పన్నెండే అయితే 3,588తో సరిపోయేది. ధర పెంచకుండానే ఒక నెల డబ్బు ఎక్కువ వస్తుంది. దీనిమీద ఫిర్యాదులు వచ్చాకే, 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి రీఛార్జ్ వచ్చే ప్లాన్ ఒకటి తప్పకుండా ఉంచాలని 2022లో ట్రాయ్ చెప్పింది. ఉన్నాయి. అయితే యాప్ తెరవగానే కనబడవు, వెతుక్కోవాలి.

రోజువారీ డేటాదీ ఇదే దారి. నేను వాడగా మిగిలిన నెట్ అర్ధరాత్రికి పోతుంది. మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రానికే అయిపోతే డేటా ప్యాక్ విడిగా కొనాలి. నెట్ మిగిలిన రోజుకు పరిహారం లేదు, చాలని రోజుకు మాత్రం ధర ఉంది. నా దృష్టిలో ఈ ప్లాన్లలో అన్నిటికన్నా అన్యాయం ఇదే. ఓటీటీలు కలిపి ఇచ్చే ప్లాన్లు కొన్నాళ్లు వాడి మానేశాను. చూసింది తక్కువ.

అమ్మ విషయానికి వద్దాం. ఆమె నెట్ ముట్టదు. చెన్నైలో తమ్ముడితో, ఊళ్లో చుట్టాలతో మాటలు, బ్యాంకు, గ్యాస్ మెసేజ్‌లు, అంతే. అయినా చాలాకాలం డేటా ఉన్న ప్లానే వేయాల్సి వచ్చింది, ఎందుకంటే వ్యాలిడిటీ దాంతోనే ముడిపడి ఉండేది. గడువు దాటితే ముందు అవుట్‌గోయింగ్ కట్, తర్వాత ఇన్‌కమింగూ కట్. "మొన్ననే కదరా ఏసావు, మళ్లీ ఏటి?" అని ఆమె అడిగితే నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు.

డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లతోనే ప్లాన్లు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. మరుసటి నెలలో వచ్చాయి: ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, ఏడాదికి 1,849, జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748. ఆ 336 ఏమిటో చూడండి, పన్నెండు ఇరవై ఎనిమిదులు. అమ్మకు ఇప్పుడు 84 రోజులది వేస్తున్నాను. ఆమెకు చాలు. పల్లెల్లో పెద్దవాళ్లు ఉన్న ప్రతి ఇంటికీ ఇదే చెబుతాను. రీఛార్జ్ షాపులో అడక్కపోతే మాత్రం ఈ ప్లాన్ సంగతి చెప్పరు.

కంపెనీల వైపూ ఖర్చులున్నాయి. స్పెక్ట్రమ్ (సిగ్నల్ తరంగాలు) కొన్న బాకీలు, ఆదాయంలో ప్రభుత్వానికి కట్టాల్సిన వాటా కింద ఏజీఆర్ బకాయిలు, 5జీ టవర్లు. 2024 జూలైలో ధరలు పెంచాక, డిసెంబరు త్రైమాసికంలో ఎయిర్‌టెల్‌కు ఒక్కో కస్టమర్ నుంచి నెలకు సగటున 245 రూపాయలు వచ్చింది. పెంచడాన్ని నేను తప్పుపట్టను. పెంచిన డబ్బుకు సిగ్నల్ రావాలి. గాలివాన వస్తే ఊళ్లో టవర్ ఆగిపోతుంది, ఆ రోజులు మాత్రం ప్లాన్‌లో తరిగిపోతూనే ఉంటాయి. జిల్లా మొత్తానికి 24 గంటలు దాటి నెట్‌వర్క్ పోతే ప్రీపెయిడ్‌వాళ్లకు వ్యాలిడిటీ పొడిగించాలని కొత్త నిబంధన ఉంది, మంచిదే. కానీ ఒక్క ఊరి టవర్ పడుకుంటే అది లెక్కలోకి రాదు. రోజులకే డబ్బు తీసుకుంటున్నప్పుడు, సిగ్నల్ లేని రోజును ఊరివారీగా వెనక్కి ఇవ్వాలి. టవర్ ఎప్పుడు ఆగిందో కంపెనీకి మనకన్నా ముందే తెలుస్తుంది.