చిట్టితో కారు ప్రయాణాలు: హార్నెస్, సీటు కవరు ఏడాదికి పైగా వాడాక

వీధి నుంచి తెచ్చుకున్న కుక్కను కారెక్కించేవాళ్లు ముందుగా కొనవలసింది హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీల కట్టు. సీటు కవరు సంగతి తర్వాత చూసుకోవచ్చు. రెండూ ఏడాదికి పైగా వాడి చెబుతున్న మాట ఇది.

చిట్టి బాగా ఎదిగాక మా ఇంటికి వచ్చిన దేశవాళీ కుక్క. మొదట్లో మా విశాఖలో కారెక్కితే ఎండాడ దాటేసరికి వరసగా ఆవులింతలు, పెదవులు నాక్కోవడం, ఆపైన చొంగ. కడుపులో తిప్పుతోందనడానికి అవే గుర్తులు. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకుండా, అద్దం కాస్త దించి, దగ్గర దూరాలతో అలవాటు చేశాం. ఆ బాధ తగ్గాకే దాని అసలు వేషాలు బయటపడ్డాయి.

అన్నిటిలోకీ నాకు ముద్దొచ్చేది ఇండికేటర్ వేషం. టిక్కు టిక్కుమని వినబడితే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి నాలుగు కాళ్లూ ఎడంగా వేసి మలుపు కోసం నిలబడుతుంది. ఎవరూ నేర్పలేదు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర తిరగడానికి ఆగితే పచ్చదీపం పడేదాకా అలాగే ఉంటుంది. మలుపు తిరిగి చప్పుడు ఆగగానే పెద్దగా నిట్టూర్చి ధబ్బున కూలబడుతుంది. బీచ్ రోడ్డు విగ్రహాలను కన్నెత్తి చూడదు. 2002 నుంచి ఒడ్డున సందర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని మాత్రం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మొరిగి పలకరించాల్సిందే. ఎండుచేపల వాసన తగిలితే ముక్కు అద్దం సందులో పెట్టి కళ్లు మూసుకుంటుంది. తల మొత్తం బయట పెట్టనివ్వను, ఇసుక కళ్లలో పడుతుంది.

ఇవన్నీ నిశ్చింతగా చూడగలుగుతున్నానంటే హార్నెస్ పుణ్యమే. మెడ పట్టీకి బెల్టు కడితే బ్రేకు వేసినప్పుడు లాగుడంతా గొంతు మీద పడుతుంది. హార్నెస్‌లో అది ఛాతీ మీదుగా సర్దుకుంటుంది. వెనక సీటు బెల్టులో తగిలించే పట్టీ పొడవు, కుక్క హాయిగా పడుకోగలిగేంత ఉండాలి, ముందు సీట్లోకి రాగలిగేంత ఉండకూడదు. మాకు వచ్చిన ఇనుప కొక్కెం మన సముద్రపు గాలికి తుప్పు పట్టింది. స్టీలుది వేయించాను.

కవరు మీద నాకంత మోజు లేదు. వెనక సీటుకీ ముందు సీట్లకీ మధ్య ఉయ్యాలలా కట్టేది తీసుకున్నాం. మనం కాళ్లు పెట్టుకునే సందులోకి కుక్క జారిపోకుండా ఆపుతుంది, అది నిజం. కానీ ఋషికొండ ఇసుక కుట్ల మధ్య ఇరుక్కుంటే దులిపినా రాదు. వానాకాలంలో ఉతికితే ఆరదు, ముక్కవాసన వస్తుంది. ఏసీ గాలి కూడా వెనక్కి సరిగా చేరదు. అందుకే మధ్యలో వలకిటికీ ఉన్నది ఎంచుకోండి. కుక్కలు ముఖ్యంగా రొప్పడం ద్వారానే ఒళ్లు చల్లబరుచుకుంటాయి కాబట్టి గాలి ముఖ్యం. ఆగిన కారులో ఐదు నిమిషాలకైనా వదిలి వెళ్లకండి. బయట 24 డిగ్రీలే ఉన్నా పది నిమిషాల్లో లోపల వేడి మరో పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

కొలత విషయంలో ఒక్క మాట. మన దేశవాళీ కుక్కలకు ఛాతీ లోతు, నడుము సన్నం. బరువును బట్టి సైజు చెప్పే పట్టికలు వీటికి సరిపోవు. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి, తొడిగాక పట్టీకింద రెండు వేళ్లు పట్టేలా బిగించండి.