సబ్‌వూఫర్ కొంటున్నారా? వెనక వైపు స్విచ్ చూడకుండా డబ్బు కట్టకండి

రాత్రిళ్లు ఇంట్లో వాళ్ల నిద్ర చెడకుండా తక్కువ వాల్యూమ్‌లో పాటలు వినే, సినిమాలు చూసే అలవాటు మీకుంటే, దయచేసి ఇది చదివాకే సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన శబ్దాలను మోగించే ప్రత్యేక స్పీకర్) కొనండి.

నేను కొన్న సబ్‌వూఫర్ డెమోలో అద్భుతంగా మోగింది. ఇంటికి తెచ్చాక పగలంతా బాగానే ఉంది. ఆ రాత్రి వాల్యూమ్ బాగా తగ్గించి సినిమా పెట్టాను. ఇరవై నిమిషాలు కూడా గడవకముందే మూల నుంచి ‘టక్’మని చిన్న చప్పుడు. వెళ్లి చూస్తే పచ్చగా ఉండాల్సిన లైటు ఎర్రగా ఉంది. కోన్ (శబ్దం వచ్చేటప్పుడు కదిలే ముందు భాగం) మీద వేలు ఆనించాను, కదలిక లేదు. వాల్యూమ్ పెంచితే మళ్లీ టక్‌మని లేచింది. తగ్గిస్తే కాసేపటికి మళ్లీ పడుకుంది. సినిమాలో ఉరుము ఉరిమితే, అది లేచేలోపే ఆ ఉరుము అయిపోయింది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ‘వాల్యూమ్ పెంచండి సార్, అదే ఆన్ అవుతుంది’ అన్నారు. గట్టిగా అడిగితే సర్వీస్‌కి పంపమన్నారు. అక్కడ పెద్ద సౌండ్‌తో టెస్ట్ చేసి, లోపమేమీ లేదని రాసి వెనక్కి పంపారు. ఇదంతా అయ్యేసరికి రిటర్న్ గడువు దాటిపోయింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. నిజానికి సర్వీస్ వాళ్లు అబద్ధం చెప్పలేదు. అది చెడిపోలేదు, దాన్ని తయారు చేయడమే అలా చేశారు.

లోపల జరిగేది ఇదీ. ఆటో-ఆన్ (తనంతట తానే ఆన్, ఆఫ్ అయ్యే ఏర్పాటు) ఉన్న సబ్‌వూఫర్, కేబుల్‌లో వచ్చే సిగ్నల్ వోల్టేజ్‌ని కనిపెడుతూ ఉంటుంది. అది ఒక హద్దుకన్నా తక్కువగా కొంతసేపు ఉంటే, ఎవరూ వినడం లేదనుకుని స్టాండ్‌బైలోకి వెళ్తుంది. మనం వాల్యూమ్ 20 డెసిబెల్స్ తగ్గిస్తే ఆ వోల్టేజ్ పదో వంతుకు పడిపోతుంది. పైగా శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి ముందు తగ్గిపోయేది బేస్. దీన్ని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అంటే సబ్‌వూఫర్ అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే అది పడుకుంటోందన్నమాట.

మంచి సబ్‌వూఫర్లకు వెనక ‘ఆటో’తో పాటు ‘ఆన్’ అనే స్విచ్ కూడా ఉంటుంది. అది ‘ఆన్’లో పెడితే ఈ గొడవే లేదు. కొన్నిటికి 12 వోల్టుల ట్రిగ్గర్ ఇన్‌పుట్ ఉంటుంది. రిసీవర్‌కి (స్పీకర్లన్నిటికీ శబ్దం పంపే ఆంప్లిఫైయర్ పెట్టెకి) కూడా ట్రిగ్గర్ అవుట్ ఉంటే రెంటినీ సన్నని కేబుల్‌తో కలపొచ్చు, అప్పుడు రిసీవర్ వెలిగినంతసేపూ సబ్ వెలిగే ఉంటుంది. నేను కొన్నదానికి రెండూ లేవు. బాక్స్ మీద ‘ఆటో పవర్’ అని ఉంటే అదేదో సౌకర్యం అనుకున్నాను. సౌండ్‌బార్‌తో వచ్చే వైర్‌లెస్ సబ్‌లు కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి, చాలావాటికి వెనక తిప్పడానికి నాబ్ కూడా ఉండదు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు ముందు రిసీవర్ సెటప్ మెనూలో సబ్‌వూఫర్ లెవెల్ ఎంత ఉందో చూడండి. నాకు మైనస్ 11 డెసిబెల్స్ ఉంది. సబ్ వెనక గెయిన్ నాబ్ (సబ్ సొంత వాల్యూమ్) ఎక్కువ తిప్పి ఉంచితే, ఆటో కాలిబ్రేషన్ (రిసీవర్ మైక్‌తో విని స్పీకర్ల లెవెల్స్ తానే సర్దడం) దాన్ని సరిచేయడానికి రిసీవర్ వైపు ఇలా కోసేస్తుంది. నేను నాబ్ బాగా తగ్గించి కాలిబ్రేషన్ మళ్లీ చేస్తే మైనస్ 1కి వచ్చింది. చెవికి బేస్ అంతే వినిపిస్తుంది, కానీ కేబుల్‌లో వెళ్లే వోల్టేజ్ మాత్రం మూడు రెట్లు పెరిగింది. సబ్‌కి ఎడమ, కుడి ఇన్‌పుట్లు రెండూ ఉంటే, వై కేబుల్‌తో (ఒకటే సిగ్నల్‌ని రెండుగా చీల్చే కేబుల్) రెంటికీ ఇవ్వండి. చాలావాటిలో మరో 6 డెసిబెల్స్ దాకా కలిసొస్తుంది. స్పీకర్లు మెనూలో ‘లార్జ్’ అని ఉంటే ‘స్మాల్’కి మార్చి, క్రాసోవర్ (ఏ హద్దు కింది శబ్దాలు సబ్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. లేకపోతే పాటల్లోని బేస్ అసలు సబ్ దాకా వెళ్లకపోవచ్చు.

ఇవన్నీ చేశాక నా సబ్ సినిమాలకు నిలబడుతోంది. అర్ధరాత్రి మెల్లగా పెట్టుకునే వీణకు మాత్రం ఇప్పటికీ పడుకుంటోంది.

కొత్తగా కొన్నవాళ్లు ఈ రాత్రే మీరు మామూలుగా వినే తక్కువ వాల్యూమ్‌లో ఒక గంట వదిలేసి చూడండి. లైటు రంగు మారితే వీడియో తీసి, ‘తక్కువ వాల్యూమ్‌లో ఆగిపోతోంది’ అని అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా పంపండి. సర్వీస్‌కి పంపమంటే, రిటర్న్ గడువు పొడిగిస్తున్నట్టు వాళ్లు రాసిచ్చేదాకా బాక్స్ చేతికివ్వకండి.