వోకాట్ వర్గీకరణ: ఆరేళ్లు వాడాక నా అనుభవం

అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనుల వివరాలు ఆరేళ్లుగా వోకాట్ పద్ధతిలోనే రాస్తున్నాను. నేల, నీటి సంరక్షణ పద్ధతులను ఒకే తీరులో నమోదు చేయడం కోసం 1992లో మొదలైన అంతర్జాతీయ వ్యవస్థ ఇది. డేటాబేస్‌ను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

అంతకుముందు మా రిజిస్టర్లో ఒకే గుంతను ఒకరు పంట కుంట అని, ఇంకొకరు ఫారంపాండ్ అని, మరొకరు ఏకంగా పథకం పేరుతో రాసేవాళ్లు. ఒక ఏడాది ఒకే కుంట మూడుసార్లు లెక్కకెక్కింది. రెండు రాత్రులు కూర్చుని సరిచేసిన ఆ టెన్షన్ మర్చిపోలేను.

వోకాట్‌లో పనిని గుర్తించేది పథకం పేరుతో కాదు, నేల మీద ఏం చేశారన్నదానితో. సాగు పద్ధతులు ‘ఎ’, చెట్లూ గడ్డీ ‘వి’, కట్టడాలు ‘ఎస్’, యాజమాన్య మార్పులు ‘ఎం’. కట్టడాల్లో గట్లు ఎస్2, సమతల కందకాలు ఎస్4, చెక్‌డ్యాంలు, కుంటలు ఎస్5. గట్టు మీద గడ్డి నాటితే ఎస్2, వి2 రెండూ టిక్ పెట్టొచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. గడ్డి పట్టని గట్టు నాలుగు గట్టి వానలకు కోసుకుపోవడం ఎన్నిసార్లు చూశానో!

చిక్కల్లా చెరువు మట్టితోనే. ఎండాకాలం పూడిక తీసి ట్రాక్టర్లతో ఎర్రనేలలకు తోలతారు. చేలో కుప్పలు పోసినప్పుడు నల్లటి పెళ్లలు రాళ్లలా ఉంటాయి. వాన తగలగానే విచ్చుకుని ఎర్రమట్టిలో కలిసిపోతాయి. తెలంగాణలో మిషన్ కాకతీయ అప్పుడూ రైతులు ఇలాగే తోలుకున్నారు. చెరువు వైపు నుంచి చూస్తే ఇది ఎస్5, చేను వైపు నుంచి చూస్తే భూసారం పెంచే ఎ2. రెండూ ఒకే పద్దులో పెడితే ఏ రైతు చేలో ఎంత మట్టి పడిందో తెలియదు. అందుకే రెండు ఎంట్రీలు రాసి, రెండింటికీ అదే చెరువు పేరు ఇస్తున్నాను.

వివరాలు నింపాల్సిన వోకాట్ ఫారం చాలా పెద్దది, తెలుగులో లేదు. రైతుల దగ్గర కూర్చుని అడగడానికి రెండు పేజీల తెలుగు కాగితం సొంతంగా తయారుచేసుకున్నాను.

నా అసలు బాధ వేరే. కట్టడం వివరాలు టెక్నాలజీ ఫారంలో ఉంటాయి. దాన్ని ఎవరు కట్టారు, ఎవరు చూసుకుంటారు అన్నది అప్రోచ్ అనే వేరే ఫారంలోకి పోతుంది. మొదట్లో నేనూ రెండోది ఖాళీగా వదిలేశాను. మూడేళ్ల తర్వాత ఒక చెక్‌డ్యాం పక్కగట్టు తెగితే, బాగుచేయించాల్సింది ఎవరో నా రికార్డులో ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు అప్రోచ్ ఫారం నిండాకే టెక్నాలజీ ఫారం తెరుస్తున్నాను.