జాక్సన్‌లో మాగాయ జరిమానా, ఒక పంతులమ్మ కథ

అమెరికాలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్తూ వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్‌లో ఆగుదామనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, ఊరు చూడండి కానీ రాత్రికి అక్కడ ఉండకండి.

మేం దిగింది టౌన్ స్క్వేర్‌కి దగ్గర్లో ఓ పాత మోటెల్. ఆన్‌లైన్లో 329 డాలర్లు. కౌంటర్ దగ్గరికి వెళ్ళాక అమెనిటీ ఫీజు అని ఇంకో 30, పైన టాక్సులు, వెరసి 401 డాలర్ల 80 సెంట్లు. ఆ ఫీజుకి ఏమిస్తారు బాబూ అంటే వైఫై, లాబీలో కాఫీ అన్నాడు. కాఫీ మెషిన్ మీద ‘పనిచేయదు’ అని కాగితం అంటించి ఉంది. గదిలో ఏసీ లేదు, మైక్రోవేవ్ లేదు. అమ్మ మాతో తెచ్చుకున్న చిన్న కుక్కర్లో అన్నం పెట్టింది, పెరుగు, మాగాయ, అంతే. పొద్దున్న ఖాళీ చేస్తుంటే గదిలో ఘాటు వాసన వస్తోందని 150 డాలర్లు క్లీనింగ్ ఛార్జి వేశారు! వంట చేయకూడదని గదిలో ఎక్కడా రాసి లేదు. మా ఆయన అరగంట వాదిస్తే కౌంటర్లో అతను 75కి దిగాడు. “మాగాయ వాసనకి ఆరువేల రూపాయలా!” అని అమ్మ కారెక్కి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంక మాటల్లేవు.

ఆ మూడ్‌లోనే ఊరి తూర్పు చివర నేషనల్ ఎల్క్ రెఫ్యూజ్‌లో (ఎల్క్ అనే పెద్ద దుప్పుల రక్షిత ప్రాంతం) ఉన్న మిల్లర్ హౌస్‌కి వెళ్ళాం. వేసవిలో తెరుస్తారు, టికెట్ లేదు, అసలు వెళ్ళిందే అందుకు. పాత దుంగల ఇల్లు. అక్కడున్న వాలంటీరు, రిటైరైన పెద్దావిడ, ఈ ఇంటి ఇల్లాలు గ్రేస్ మిల్లర్ జాక్సన్‌కి మేయరు అని మొదలుపెట్టింది. 1920 మేలో ఊరి ఎన్నికల్లో మేయరూ, నలుగురు కౌన్సిల్ సభ్యులూ అందరూ ఆడవాళ్ళే గెలిచారట. ఐదుగురూ వరసగా నిలబడ్డ ఫొటో చూపించింది. అందులో ఫాస్టీనా హైట్ అనే ఆవిడ బడి పంతులమ్మ.

అమ్మ అప్పుడు నోరు విప్పింది. రాజోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో చేసి రిటైరైన మనిషి కదా. “వీళ్ళకి జీతం ఎంతిచ్చేవారో అడగవే” అంది. నేను అడిగేలోపే వాలంటీరు ఖజానా సంగతిలోకి వెళ్ళిపోయింది. వీళ్ళు వచ్చేనాటికి ఊరి ఖజానాలో ఉన్నది 200 డాలర్లు, జనం కట్టాల్సిన బాకీలు మాత్రం బోలెడు. ఇంటింటికీ తిరిగి అడిగి రెండు వారాల్లో 2,000 చేశారు. “టీచరుకి అదెంత పనే, జనాభా లెక్కలకీ ఓటర్ల లిస్టులకీ మేం ఎక్కని గుమ్మం ఉందా” అని అమ్మ. ఆ డబ్బుతో రోడ్లు చదును చేయించారు, కల్వర్టులు కట్టించారు, శ్మశానానికి దారి వేయించారు. మార్షల్‌గా, అంటే ఊరి పోలీసుగా, పెట్టుకున్నది కూడా పెర్ల్ విలియమ్స్ అనే అమ్మాయినే. మరుసటి ఏడు ఊరు మళ్ళీ వీళ్ళకే ఓటేసింది.

అన్నిటికన్నా అమ్మకి నచ్చింది ఆ ఐదుగురిలో ఒకరైన రోజ్ క్రాబ్‌ట్రీ. ఆవిడకి పోటీగా నిలబడింది సొంత మొగుడే, 50-31తో ఓడించింది. మన దగ్గర సర్పంచి ఆవిడైతే కుర్చీలో కూర్చునేది ఆయన, కదా! అమ్మ అల్లుడి వైపు చూసి “విన్నారా అల్లుడుగారూ” అంది. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. వయోమింగ్ ఆడవాళ్ళకి ఓటు హక్కు 1869లోనే ఇచ్చింది, అందుకే అక్కడ ఇది సాధ్యమైందేమో.

టౌన్ స్క్వేర్‌లో నాలుగు మూలలా దుప్పి కొమ్ముల తోరణాలుంటాయి, ఫొటోకి పెద్ద క్యూ. ఆ ఐదుగురి ఊసు ఆ క్యూలో ఎవరికైనా తెలుసా అంటే అనుమానమే. ఊళ్ళో తిరగడానికి ‘స్టార్ట్’ అనే టౌన్ బస్సు ఫ్రీ, కారు ఒకచోట పెట్టేయండి. గ్రాండ్ టెటాన్, ఎల్లోస్టోన్ పార్కులు రెండింటికీ మేం 80 డాలర్ల యాన్యువల్ పాస్ తీసుకున్నాం, అక్కడంతా సాఫీగా గడిచింది.

రెండో బస టెటాన్ పాస్ అనే కొండ కనుమ అవతల, ఐడహోలోని విక్టర్‌లో. వంటగది ఉన్న గది, అన్నీ కలిపి 168 డాలర్లు. అమ్మ టమాటా పప్పు పోపు పెట్టినా ఎవరూ ఏమీ అనలేదు, పైగా ఓనరు వచ్చి ఏం వండుతున్నారని అడిగి గిన్నెడు పట్టుకెళ్ళాడు. కాకపోతే ఘాట్ రోడ్డు చాలా నిటారు, 10 శాతం వాలు, దిగేటప్పుడు బ్రేకు మీద కాలేసి ఉంచకుండా లో గేర్‌లో రండి. చీకటి పడకముందే దాటేయండి.