నట్ కేబుల్ తొడుగుకు గమ్ ఉన్న హీట్ ష్రింక్ ట్యూబ్: నట్లకు భేష్, క్యామ్‌లకు వద్దు

ఇది వైరింగ్ పనిలో వాడే ట్యూబే. లోపల గమ్ పూత ఉంటుంది, వేడి తగిలితే ముడుచుకుంటుంది. క్లైంబింగ్ నట్ (రాతి పగులులో ఇరికించే, కేబుల్ ఉన్న లోహపు ముక్క) కేబుల్‌కి స్వేజ్ (కేబుల్ చివరలను కలిపి నొక్కి బిగించిన లోహపు గొట్టం) దగ్గర చిరిగిన ప్లాస్టిక్ తొడుగు మార్చడానికి ఇంతకంటే మంచి సరుకు అక్కర్లేదు. అయితే రకం చూసి కొనాలి.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి ఊరికే ‘ష్రింక్ ట్యూబ్’ అంటే గమ్ లేని 2:1 రకం (వేడికి సగానికి ముడుచుకునేది) చేతిలో పెడతారు. 12 మి.మీ. ట్యూబ్ 6 దగ్గరే ఆగిపోతుంది, రెండు పేటల కేబుల్ మీద వదులుగా జారుతుంది. పైగా దాన్ని ఎక్కించాలంటే నట్ లూప్‌ను గట్టిగా నొక్కాలి, కేబుల్‌కి మడత పడుతుంది. తొడుగు కోసం కేబుల్ పాడుచేసుకున్నట్టే. 4:1 రకం, 16 మి.మీ. అడగండి. లూప్ మీదుగా, స్వేజ్ మీదుగా సులువుగా దాటి 4 మి.మీ. వరకు బిగుస్తుంది. నలుపు వద్దు, లోపల కేబుల్ కనిపించే తెల్లటి పారదర్శకం తీసుకోండి.

పని మొదలుపెట్టేముందు పాత తొడుగును స్వేజ్ లోహం మీదే కోయాలి. బ్లేడు కేబుల్‌ని తాకకూడదు. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, తడి లోపల మిగిలితే గమ్ దాన్ని అక్కడే బంధించేస్తుంది, తుప్పు మొదలవుతుంది. తర్వాత కేబుల్ మీద దూది రుద్దండి. ఎక్కడ పీచు చిక్కుకుంటే అక్కడ పోగు తెగినట్టు. కేబుల్ స్వేజ్‌లోకి దూరే చోట మరీ జాగ్రత్తగా చూడాలి, పోగులు తెగేది ఎక్కువగా అక్కడే. ఒక్క పోగు తెగినా ఆ నట్ పక్కన పడేయడమే. తొడుగు చేతికి గుచ్చుకోకుండా కాపాడుతుందే తప్ప బలం ఇవ్వదు.

స్వేజ్ పొడవుకి రెండు వైపులా 5 మి.మీ. చొప్పున కలిపి, ముడుచుకునేటప్పుడు నిడివి తగ్గుతుంది కాబట్టి ఇంకో 5 ఎక్కువ వేసి కోయండి. హీట్ గన్ తక్కువ వేడిలో పెట్టి మధ్య నుంచి చివరలకు నడిపిస్తే గాలి బయటికి పోతుంది. చివరల్లో గమ్ సన్నటి అంచులా పైకి వస్తే పని అయినట్టు. లైటర్ మంట వద్దు: మసి పడుతుంది, ఒక పక్క కాలి ఇంకో పక్క వదులుగా మిగులుతుంది.

క్యామ్‌ల (ట్రిగ్గర్ లాగితే ముడుచుకుని, వదిలితే విప్పుకుని రాతి పగులులో బిగుసుకునే పరికరాలు) సంగతి వేరు. వాటి కాండంలా ఉండే మధ్య కేబుల్‌కి రెండు చివరలూ బిగించి ఉంటాయి, ట్యూబ్ ఎక్కించే దారే లేదు. నిలువునా చీల్చి చుడితే వేడికి నోరు తెరుచుకుంటుంది. దానికి తోడు పక్కనే స్లింగ్ (నేసిన పట్టీ) ఉంటుంది. చాలా స్లింగ్‌లు నేసే డైనీమా నార 145 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే బలం కోల్పోతుంది. అక్కడ వేడి అక్కర్లేని, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు బాగా సాగదీసి, ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పేలా చుట్టండి. ట్రిగ్గర్ తీగలు కదిలే చోటు మాత్రం వదిలేయాలి. లేకపోతే లోబ్‌లు (పగులు గోడలకు ఆనే భాగాలు) పూర్తిగా ముడుచుకోవు, క్యామ్ పగులులోనే ఇరుక్కుపోతుంది.