అంబాసిడర్‌లో గండికోట దాకా: చూసిన చోట్లు, బసలు, ఒక స్టీరింగ్ మరమ్మతు

కర్నూలు నుంచి బెలుం గుహలు, తాడిపత్రి, గండికోటల మీదుగా కడపకు మా నాన్నగారి అంబాసిడర్‌లో వెళ్లాము. పవర్ స్టీరింగ్ లేని పాత బండిలో తిరిగేవారికి బస ఎంత ముఖ్యమో, చక్రాన్ని చేత్తో పట్టి చూసే మెకానిక్ దొరకడమూ అంతే ముఖ్యం.

స్టీరింగ్‌లో ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే వదులు) పెరిగిందని, బండి ఎడమకు లాగుతోందని కర్నూలులోనే చక్రాల కోణాలు సరిచేసే ఒక వీల్ అలైన్‌మెంట్ షాపులో చెప్పాము. వారు కంప్యూటర్‌లో కొలతలు సరిచేశారే తప్ప కింద ఏ భాగం అరిగిందో చూడలేదు. బనగానపల్లె దాటేసరికి బండి మళ్లీ లాగసాగింది.

బెలుంలో 3,229 మీటర్ల గుహలలో సుమారు ఒకటిన్నర కిలోమీటరు వరకే చూడనిస్తారు; లోపల ఉక్క ఎక్కువ కాబట్టి పెద్దవారితో ఉదయమే వెళ్లడం మేలు.

తాడిపత్రిలో మేము దిగిన లాడ్జి శుభ్రంగానే ఉన్నా కారును వీధిలోనే నిలపవలసి వచ్చింది. అయితే బండల లారీలు తిరిగే ఊరు కావడంతో మంచి మెకానిక్ దొరికాడు. ఆయన ముందు చక్రాన్ని జాకీతో లేపి, మొదట పైనా కిందా పట్టి ఊపాడు. అలా ఊపినప్పుడు కదలిక ఉండి, బ్రేకు నొక్కితే అది పోయినట్లయితే బేరింగ్ వదులైందని, పోకపోతే స్వివెల్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన పిన్) అరిగిందని అర్థం. మా బండిలో ఆ కదలిక లేదు. కుడీ ఎడమా పట్టి ఊపగానే ఎడమ టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కడ్డీని చక్రం వైపు కలిపే కీలు, టకటకలాడింది. దాని రబ్బరు చినిగి, గ్రీజులో దుమ్ము చేరింది. “కీలు వదులైనాక కొలత ఎట్ల నిలుస్తాది సార్?” అన్నాడు. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగింది కాబట్టి విడి ఎండ్‌లు మేమే డిక్కీలో తెచ్చుకున్నాము. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్నీ అన్నే చుట్లు ఎక్కించి, నట్టు ఊడకుండా కొత్త స్ప్లిట్ పిన్ వేశాడు. ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) బాగానే ఉందని దాని జోలికి పోలేదు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. పని జరుగుతుండగా మేము చింతల వెంకటరమణస్వామి గుడిలో రథం ఆకారంలోని గరుడ మండపాన్ని, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయాన్ని చూశాము. ఆ శిల్పాలకు ఒక పూట చాలదు.

గండికోటలో పర్యాటక సంస్థవారి హరిత హోటల్‌లో దిగాము. కోటకు దగ్గర, బండి నిలపడానికి ఆరుబయట చోటు ఉంది, కనుక పాత కారువారికి నా ఓటు దీనికే. కోట ద్వారం దగ్గరి ఇరుకు మలుపులలో నిలిచిన బండి స్టీరింగ్‌ను బలవంతంగా తిప్పడం ర్యాక్‌కు మంచిది కాదు కాబట్టి కారును బయటే ఉంచి మాధవరాయ ఆలయం, జామా మసీదు, పెన్న లోయ నడిచే చూశాము.

కడపలో మళ్లీ అలైన్‌మెంట్ చేయించాము. ఈసారి టో-ఇన్ (ముందు చక్రాలు ముందు వైపున ఎంత లోపలికి తిరిగి ఉండాలనే కొలత) సరిచేశాక, అది జరగకుండా పట్టే లాక్ నట్లు బిగించడం దగ్గరుండి చూపించారు. కర్నూలుకు తిరిగి వచ్చేదాకా బండి ఏ పక్కకూ లాగలేదు.