కాటన్ ప్యాడ్లు, గుడ్డ ప్యాడ్లు: అనంతపురం ఎండల్లో ఏడేళ్లు వాడాక

మాది అనంతపురం. కళ్యాణదుర్గం దారిలో ఒక పల్లె హైస్కూల్లో టీచర్‌ని. పొద్దున ఏడున్నరకు బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదున్నర. రోజంతా నిలబడే పని. ఇలాంటి పనిలో, నెలసరి రోజుల్లో ఏ ప్యాడ్ పనికొచ్చిందో, ఏది ఏడిపించిందో రాస్తున్నాను.

మొదట్లో పైన సన్నటి రంధ్రాల ప్లాస్టిక్ వల ఉండే ప్యాడ్లు వాడేదాన్ని. తడి తెలియదు, నిజమే. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఆ వల కింద చెమట ఆరేది కాదు. రెండో రోజు సాయంత్రానికి తొడల సందున ఒరుసుకుపోయి నడవాలంటే ఏడుపొచ్చేది. చెమటకాయలనుకుని పౌడరు చల్లుకుంటే ఇంకా మండింది. సిగ్గుపడి ఏడాది ఓర్చుకున్నాను, అది నా తప్పే. చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ముందు అడిగింది ఇదే: "వాసన వచ్చే ప్యాడ్లా?" అవును, అవే. సెంటు లేనివి, పైపొర కాటన్‌తో చేసినవి వాడమంది. రక్తం తక్కువగా పోయినా సరే, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చమంది. రెండు నెలల్లో దద్దుర్లు తగ్గిపోయాయి.

అప్పటి నుంచి ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవడం అలవాటైంది. ముందువైపు పెద్ద అక్షరాల్లో 'కాటన్‌లా మెత్తన' అని ఉంటుంది. చాలాసార్లు అది కాటన్ కాదు, మెత్తటి సింథటిక్ పొర. పైపొర నిజంగా కాటనేనని స్పష్టంగా రాసి ఉంటేనే కొంటాను. సైజు విషయంలోనూ అంతే. ఒక కంపెనీ ఎక్స్ఎల్, ఇంకో కంపెనీ ఎక్స్ఎల్ ఒకటి కావు. మిల్లీమీటర్లు చూడాలి. నాకు పగలు 280, చివరి రోజుల్లో 240 సరిపోతుంది.

ఇంకో మాట. ప్రకటనల్లో నీలం నీళ్లు పోసి చూపిస్తారు కదా, నేనూ ఇంట్లో నీళ్లు పోసి చూసి మోసపోయాను. ప్యాడ్ లోపలి జెల్ మామూలు నీళ్లను బాగా పీలుస్తుంది. ఉప్పు కలిసిన ద్రవాన్ని అంతగా పీల్చలేదు, పైగా రక్తం నీళ్లకంటే చిక్కన. అందుకే నీళ్ల పరీక్షలో నెగ్గిన ప్యాడ్ కూడా బస్సులో పక్కలకు కారింది. ఒక నెల వాడి చూడనిదే పెద్ద ప్యాకెట్ కొనకండి.

మూడేళ్లుగా ఇంట్లో ఉన్నప్పుడు గుడ్డ ప్యాడ్లు వాడుతున్నాను. మా అమ్మ పాత చీర ముక్కలు వాడి, ఎవరి కంటా పడకుండా దొడ్లో ఇంకో చీర కింద ఆరేసేది. అవి సరిగ్గా ఆరేవి కావు, చెమ్మ వాసన పోయేది కాదు. నేను మిద్దె మీద తీగకు నేరుగా ఎండలో వేస్తాను. ఎవరేమనుకుంటారోనని మొదట టెన్షన్ పడ్డాను, ఇప్పుడు లేదు. మా ఊరి ఎండకు మధ్యాహ్నానికల్లా గలగలా ఎండిపోతాయి. ముందు చల్లటి నీళ్లలో నానబెట్టాలి, వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. ఆ తర్వాత సబ్బుతో ఉతకడమే. ఒంటికి ఇంత హాయిగా ఉన్నది నాకు ఇంకోటి లేదు. కష్టమల్లా నీళ్లతోనే. కుళాయి రోజు తప్పి రోజు వచ్చే వేసవిలో ఉతకడానికి బకెట్లకు బకెట్లు ఎక్కడి నుంచి తేవాలి? ఆ రెండు నెలలు వాటిని పక్కన పెట్టేస్తాను. సరిగ్గా ఉతకలేనప్పుడు, ఆరబెట్టలేనప్పుడు గుడ్డ వాడటం కంటే కొన్న ప్యాడే నయం.

ఖర్చు భారమనిపిస్తే జన ఔషధి కేంద్రంలో 'సువిధ' ప్యాడ్లు అడగండి. 2019 ఆగస్టులో వాటి ధరను ప్యాడ్‌కు రూపాయి చేశారు. 2018 జూలైలో ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేసినా, కాటన్ రకాలు మాత్రం నాకు ఇప్పటికీ ఖరీదుగానే ఉన్నాయి.

వాడినవి పేపర్లో గట్టిగా చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇస్తాను. చెత్త వేరు చేసే మనిషి చేతికి అది తగలకూడదు.

2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. ఆ రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పొద్దున పెట్టుకున్న ప్యాడ్‌నే సాయంత్రం దాకా ఉంచుకునేది. ఎందుకే అంటే, "నిండలేదు కదా మేడమ్, పారేయడానికి బాత్రూంలో డబ్బా కూడా లేదు" అంది. నాకు చాలా బాధేసింది. మరుసటి రోజే మూత ఉన్న బకెట్ ఒకటి కొని పెట్టించాను. గంటల లెక్క పిల్లలందరికీ కూర్చోబెట్టి చెప్పాను.

రాత్రి పూట సంగతి మాత్రం ఇంకా తేలలేదు. 320 సైజుది కూడా పక్కకు తిరిగి పడుకుంటే వెనక నుంచి కారుతోంది. ఈ నెల నుంచి ప్యాడ్‌ను ఇంకాస్త వెనక్కి జరిపి అంటించి చూస్తున్నాను.